పోలీసు కేసు కాని మరణానికి శవపరీక్ష ఎందుకు? కుటుంబమే అడిగితే చేయాలా, వద్దా?

హనుమకొండ ఉపాధ్యాయిని:

మా నాన్న పోయి ఈ ఫాల్గుణానికి రెండేళ్లు నిండాయి. అప్పటికి ఆయన వయసు 58. ఏనాడూ పొలం పని మానని మనిషి. ఐదు రోజులు జ్వరం వచ్చింది, ఆ తర్వాత ఆయాసం మొదలైంది, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజు తెల్లవారుజామున ప్రాణం పోయింది. మాకిచ్చిన కాగితంలో మరణ కారణం అనే గడిలో 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' అని రాసి ఉంది. ఆ రోజు అదేదో పెద్ద జబ్బు పేరు అనుకున్నాను. గుండె, ఊపిరి ఆగిపోయాయని మాత్రమే దాని అర్థమని తర్వాత తెలిసింది. చనిపోయిన ప్రతి మనిషికీ ఆ రెండూ ఆగిపోతాయి. మరణ కారణ పత్రం నింపడానికి వైద్యులకిచ్చే సూచనల్లోనే, ఇది మరణం సంభవించిన తీరు తప్ప కారణం కాదని, దీన్ని ఒక్కదాన్నే రాసి వదిలేయకూడదని ఉందట.

ఆ తెల్లవారుజామున నేను డ్యూటీ డాక్టరును "పోస్టుమార్టం చేస్తే కారణం తెలుస్తుందా?" అని అడిగాను. ఆయన కొంచెం వెనక్కి జరిగి, "ఇది పోలీసు కేసు కాదు కదమ్మా, మా మీద ఏమైనా అనుమానమా?" అన్నారు. అనుమానం కాదని, తెలుసుకోవాలని ఉందని చెప్పేలోపే మా చిన్నాయన "అన్నను కోయిస్తవా బిడ్డా" అని గోడకు తల ఆనించి ఏడ్చాడు. నేను మళ్లీ నోరెత్తలేదు. పొద్దుగూకకముందే ఊళ్లో దహనం చేశాము.

ఇప్పుడు మా తమ్ముడికి 34 ఏళ్లు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని గుండె వైద్యుడి దగ్గరికి వెళితే, ఆయన అడిగిన మొదటి ప్రశ్న "మీ నాన్న దేనితో పోయారు?" అనే. గుండె కండరానికి వచ్చే కొన్ని జబ్బులు తండ్రి నుంచి బిడ్డలకు వస్తాయట, అందుకే అడుగుతున్నానన్నారు. మా దగ్గర ఉన్నది ఆ ఒక్క కాగితమే.

అందుకే ఈ ప్రశ్నను ఇక్కడ పెడుతున్నాను. నేరం, ప్రమాదం, ఆత్మహత్య ఉన్నచోట చట్టం చేయించే పోస్టుమార్టం గురించి నేను అడగడం లేదు. ఆసుపత్రిలో వైద్యం పొందుతూ జబ్బుతో పోయినవారికి, కుటుంబం ఒప్పుకుంటే, కారణం తెలుసుకోవడానికే శవపరీక్ష చేసే ఏర్పాటు మన పెద్దాసుపత్రుల్లో ఉండాలా, వద్దా? ఉండాలని నా అభిప్రాయం. కాదనేవారి మాట కూడా వినాలని ఉంది.

పరకాల పెద్దమనిషి:

టీచరమ్మా, నీ బాధ నాకు అర్థమైంది. అయినా ఈ ఏర్పాటు వద్దనే చెబుతాను. ఎందుకో కూడా చెబుతాను.

మా అక్క కొడుకు పత్తి వేసి, అప్పులు మీదపడి, పురుగుల మందు తాగాడు. చట్టం ప్రకారం పోస్టుమార్టం తప్పదు కాబట్టి మార్చురీకి తీసుకెళ్లాము. పోలీసు కాగితం రాలేదని ఒక పూట, డాక్టరు గారు కోర్టు సాక్ష్యానికి వెళ్లారని ఇంకొక పూట, ఆ మార్చురీ గోడ పక్కన రెండు రోజులు కూర్చున్నాము. ఎండాకాలం. లోపల పెట్టెలు చాలక శవం బయటే ఉంది. మా అక్క వాసన చూసి స్పృహ తప్పింది. చివరికి తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చినప్పుడు, స్నానం పోయించడానికి గుడ్డ విప్పితే ముతక దారంతో గోనెసంచి కుట్టినట్టు కుట్టి ఉంది. ఆ కుట్టు నాకు ఇప్పటికీ కనబడుతుంది. విసెరా నివేదిక, అంటే లోపలి అవయవాల్లో విషం ఉందా అని చూసిన కాగితం, వచ్చేసరికి ఎనిమిది నెలలు పట్టింది. పురుగుల మందేనని అందులో రాసి ఉంది. మందు డబ్బా మేము మొదటి రోజే పోలీసుల చేతికి ఇచ్చాము.

రైతు ఆత్మహత్యకు పరిహారం ఇవ్వాలంటే 2004 నాటి 421 జీవో ప్రకారం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారి కూర్చుని కాగితాలన్నీ చూడాలి, వాటిలో పోస్టుమార్టం నివేదిక కూడా ఉండాలి. కాబట్టి మాకు తప్పలేదు. తప్పనిసరి అయినచోటే మనిషి శరీరానికి దక్కిన మర్యాద అంత మాత్రమైతే, తప్పనిసరి కానిచోట దాన్ని తలుపు తెరిచి ఆహ్వానించడం ఎందుకు? పోయినవారిని నిండు శరీరంతో సాగనంపడం, పిట్టకు పెట్టే నాటికి ఇంటిల్లిపాదీ ఒకచోట ఉండడం, ఇవి మాకు చిన్న విషయాలు కావు. కారణం తెలిసినా మనిషి తిరిగి రాడు.

పాథాలజీ అధ్యాపకుడు, వరంగల్:

పెద్దాయన గారు చెప్పిన మార్చురీ అనుభవాన్ని నేను కాదనలేను. ముప్పై ఏళ్లుగా ఈ శాఖలో ఉన్నవాడిగా సిగ్గుతోనే ఒప్పుకుంటున్నాను. అయితే ఆయన చూసింది వేరు, టీచర్ గారు అడిగింది వేరు. ఈ రెండింటినీ ఒకే మాటతో పిలవడం వల్లనే ఆ డ్యూటీ డాక్టరు కూడా వెనక్కి జరిగాడు.

మొదటిది న్యాయ వైద్య పరీక్ష. పాత సీఆర్‌పీసీ 174వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద పోలీసులు అడుగుతారు, ఫోరెన్సిక్ వైద్యులు చేస్తారు, కుటుంబం ఒప్పుకోలుతో పని లేదు. రెండోది వైద్య శవపరీక్ష. ఇందులో పోలీసు లేడు, పంచనామా లేదు. వైద్యం చేసిన డాక్టరు కోరితే, దగ్గరి బంధువు రాతపూర్వకంగా ఒప్పుకుంటే, జబ్బు వల్ల అవయవాల్లో వచ్చే మార్పులను పరీక్షించే పాథాలజీ వైద్యుడు చేస్తాడు. ఊపిరితిత్తులు మాత్రమే చూడండి, తల ముట్టుకోవద్దు అని కుటుంబం హద్దు పెట్టవచ్చు. మన దేశంలో ఈ రెండోది కొన్ని పెద్ద సంస్థల్లో తప్ప దాదాపు మాయమైంది. కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో మొదలైంది, ఆ తరంవారి చదువులో శవపరీక్షకు ఉన్న చోటు నేటి విద్యార్థికి లేదు. నా విద్యార్థుల్లో చాలామంది గాజు జాడీలో, కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ ద్రావణంలో తేలే గుండెనే చూశారు, అది ఎవరిదో, ఆ మనిషి ఏ మంచం మీద ఏ లక్షణాలతో ఉన్నాడో వారికి తెలియదు.

జబ్బుకు శరీరంలో ఒక చోటు ఉంటుందన్న ఆలోచనే శవపరీక్ష గది నుంచి వచ్చింది. ఇటలీ వైద్యుడు మోర్గాన్యీ 1761లో దాదాపు 700 మంది రోగుల లక్షణాలను, మరణానంతరం వారి అవయవాల్లో కనబడినవాటిని పక్కపక్కన పెట్టి చూపించాడు. 1847లో వియన్నాలో కొలెచ్కా అనే వైద్యుడు శవపరీక్ష చేయిస్తుండగా వేలికి కత్తి గాటు పడి చనిపోయాడు. అతని శరీరంలో కనబడిన మార్పులు, ప్రసూతి వార్డులో బాలింత జ్వరంతో పోతున్న తల్లులలో కనబడేవీ ఒకటేనని మిత్రుడు సెమ్మెల్‌వైస్ గుర్తించాడు. శవాలను ముట్టిన చేతులతోనే వైద్యులు కాన్పులు చేస్తున్నారని తేలింది. క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించగానే ఆ వార్డులో మరణాలు ఒక్కసారిగా పడిపోయాయి. ఇవాళ మన ఊళ్లో ఏ ప్రసూతి గదిలోనైనా చేతులు కడుగుతున్నారంటే దాని వెనుక ఆ పరీక్ష ఉంది.

పాత సంగతులు అంటారేమో. 2020లో కరోనా వచ్చినప్పుడు జర్మనీలోని హాంబర్గ్‌లో, అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ మొదట వద్దన్నా, చనిపోయినవారికి శవపరీక్షలు చేశారు. మొదటి 12 మందిలో ఏడుగురికి కాళ్ల లోపలి సిరల్లో రక్తం గడ్డలు ఉన్నాయి, బతికుండగా ఎవరికీ ఆ అనుమానం రాలేదు. నలుగురు ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లి అడ్డుపడడం వల్లనే పోయారు. ఇలాంటి పరిశీలనలు వచ్చాకే రక్తాన్ని పలుచబరిచే మందులపై అందరి దృష్టీ గట్టిగా నిలిచింది. ఆ మందు ఇంజెక్షన్లు ఆ ఏడాది వరంగల్‌లో ఎంత మంది బొడ్డు పక్కన పడ్డాయో ఇక్కడ చదువుతున్నవారికి గుర్తుండే ఉంటుంది.

టీచర్ గారి నాన్నగారి విషయం. ఐదు రోజుల జ్వరం తర్వాత ఆయాసం అంటే న్యూమోనియా కావచ్చు, పొలంలో చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు, గుండె కండరం వాపు కావచ్చు, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కావచ్చు, ముందే ఉన్న కండరం జబ్బు జ్వరంతో ముదరడం కూడా కావచ్చు. చివరిది ఒక్కటే తమ్ముడికి సంబంధించినది. వీటిని విడదీయడానికి ఆ రోజు గుండెలో, ఊపిరితిత్తుల్లో తీసిన కొన్ని ముక్కలు చాలా వరకు సరిపోయేవి.

జనరల్ మెడిసిన్ వైద్యుడు, కరీంనగర్:

నేను ఈ ప్రతిపాదనకు వ్యతిరేకం. విజ్ఞానానికి వ్యతిరేకిని కాను, మా వార్డు పరిస్థితి తెలిసినవాడిని.

మొదటి మాట. మోర్గాన్యీ కాలంలో బతికిన మనిషి లోపల చూసే దారి లేదు. ఇవాళ సీటీ ఉంది, గుండెను స్కాన్ చేసే ఎకో ఉంది, గుండె కండరం దెబ్బతిందో లేదో రక్తంలో చూసే ట్రోపోనిన్ పరీక్ష ఉంది, సూక్ష్మజీవులను పెంచి గుర్తించే కల్చర్ ఉంది. అమెరికాలో ఆసుపత్రుల గుర్తింపు సంస్థ 1971లోనే, ఇంత శాతం శవపరీక్షలు జరిగి తీరాలన్న నియమాన్ని తీసేసింది. ఒకప్పుడు అక్కడ ఆసుపత్రి మరణాల్లో దాదాపు సగానికి జరిగిన పరీక్ష ఇప్పుడు పదో వంతుకు కూడా జరగదు. అక్కడే అవసరం తగ్గిందనుకుంటే, ఐసీయూలో ఒక నర్సు ఎనిమిది మంచాలు చూసే మన దగ్గర దీన్ని పెట్టడం సబబేనా? శవపరీక్షకు పెట్టే గది, మనిషి, డబ్బు బతికున్నవారికి పెడితే టీచర్ గారి నాన్నగారికి మూడు రోజుల ముందే ఎకో జరిగి ఉండేదేమో.

రెండో మాట చెప్పడానికి కష్టంగానే ఉంది. మరణం జరిగిన రాత్రి ఆసుపత్రి ముందు ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. వైద్యుల మీద దాడులను ఆపడానికి 2008లోనే చట్టం వచ్చినా అద్దాలు పగులుతూనే ఉన్నాయి. వైద్యుడిపై నేరం మోపే ముందు స్వతంత్ర వైద్య అభిప్రాయం తీసుకోవాలని సుప్రీంకోర్టు 2005లో చెప్పినా, ముందు స్టేషనుకు పిలిచి తర్వాత ఆలోచించడం ఆగలేదు. నేను అనుకున్న జబ్బు ఒకటై, శవపరీక్షలో మరొకటి తేలితే, అది నాకు పాఠం అవుతుందా, నా మీద సాక్ష్యం అవుతుందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా మమ్మల్ని కుటుంబం దగ్గరికి వెళ్లి ఒప్పుకోలు అడగమనడం న్యాయం కాదు.

పాథాలజీ అధ్యాపకుడు, వరంగల్:

డాక్టరు గారి రెండో మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. మొదటిదానికి ఉంది.

యంత్రాలు వచ్చాక తప్పులు తగ్గాయన్నది నిజమే, మాయమయ్యాయన్నది నిజం కాదు. బోస్టన్‌లో ఒకే ఆసుపత్రిలో 1960, 1970, 1980 సంవత్సరాల్లో చేసిన వందేసి శవపరీక్షలను పోల్చి 1983లో ప్రచురించారు. ముందే తెలిసి ఉంటే వైద్యం మారి ప్రాణం నిలిచే అవకాశం ఉన్న తప్పులు మూడు కాలాల్లోనూ దాదాపు పదో వంతు కేసుల్లో ఉన్నాయి. స్కానింగులు వచ్చినా ఆ వంతు కదలలేదు. 2003లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, నేటి అమెరికా ఆసుపత్రిలో అందరికీ శవపరీక్ష చేస్తే 8.4 శాతం మందిలోను, అనుమానం ఉన్న 5 శాతం మందికే చేస్తే అలా చేసినవారిలో 24.4 శాతం మందిలోను పెద్ద తప్పు బయటపడుతుందని లెక్కగట్టారు. రెండు అంకెలనూ ఇస్తున్నాను, ఎందుకంటే పెద్దదాన్ని ఒక్కదాన్నే చూపడం మోసమవుతుంది.

మరణానంతరం సీటీ తీస్తే చాలదా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. ఢిల్లీ ఎయిమ్స్‌లో 2021 నుంచి కోత లేకుండా సీటీతో చూసే కేంద్రం నడుస్తోంది. ఎముక విరిగితే, తలలో రక్తస్రావమైతే అది చక్కగా చెబుతుంది. కానీ ఇంగ్లండులో 182 మృతదేహాలపై జరిపి 2012లో ప్రచురించిన పరిశీలనలో, సీటీ చెప్పిన కారణానికీ శవపరీక్ష చెప్పినదానికీ 32 శాతం కేసుల్లో పెద్ద తేడా వచ్చింది. తప్పిపోయినవి ఎక్కువగా గుండె రక్తనాళాల జబ్బు, ఊపిరితిత్తుల్లో గడ్డ, న్యూమోనియా. అంటే మన వార్డుల్లో మనుషులు ఎక్కువగా దేనితో పోతున్నారో సరిగ్గా అవే.

జగిత్యాల, భర్తను గల్ఫ్‌లో పోగొట్టుకున్న గృహిణి:

అన్నలారా, అక్కా, నేను పెద్దగా చదువుకోలేదు, మా బిడ్డ చేత టైపు చేయిస్తున్నాను.

నా భర్త గల్ఫ్‌లో భవన నిర్మాణ పనికి పోయాడు. వయసు 39. రాత్రి తిని పడుకున్నాడు, పొద్దున లేవలేదు. పద్దెనిమిది రోజులకు పెట్టె శంషాబాద్‌లో దిగింది. కాగితంలో సహజ మరణం, గుండె ఆగిపోవడం అని ఉంది. మా పక్క ఊళ్లో వచ్చిన పెట్టెలో కూడా అదే రాసి ఉంది, ధర్మపురి దిక్కు మా చెల్లెలి ఊళ్లో వచ్చినదానిలో కూడా అదే. నలభై దాటని మగవాళ్లకు, గల్ఫ్‌కు పోయేముందు డాక్టరు పరీక్షలో బాగున్నారని రాసిన మగవాళ్లకు, అందరికీ ఒకే గుండె జబ్బు ఎట్లా వచ్చింది?

మా బిడ్డ ఇంటర్నెట్‌లో చదివి చెప్పింది. ఖతార్‌లో నేరం అనుమానం లేకపోతే ఇట్లాంటి మరణాలకు శవపరీక్ష చేయరట. 2014లో ఆ ప్రభుత్వమే పెట్టుకున్న న్యాయవాదులు, ఆకస్మిక మరణాలన్నిటికీ పరీక్ష చేసేట్టు చట్టం మార్చమని సలహా ఇచ్చారట. 2019లో అక్కడి నేపాలీ కూలీల మరణాల మీద అధ్యయనం వచ్చింది, గుండె మరణాలని రాసినవాటికి ఎండ వేడిమితో సంబంధం ఉందని అందులో తేలిందట. నా భర్త పోయింది జులై నెలలో. ఫోను చేసినప్పుడల్లా తల తిరుగుతోందని చెప్పేవాడు.

పెద్దనాన్నా, మీరు నిండు శరీరంతో సాగనంపాలని రాశారు. నాకు నిండు శరీరమే వచ్చింది, కోత లేకుండా, కుళ్లకుండా మందు పట్టించి. అందరూ పుణ్యమన్నారు. కానీ ఎండకు పోయాడని కాగితంలో ఉంటే కంపెనీ నాకు జవాబు చెప్పవలసి వచ్చేది. గుండె అని ఉంది కాబట్టి అది నా భర్త గుండె తప్పయింది. ఇప్పుడు నా మరిది పోతానంటున్నాడు. నేను ఏం చెప్పి ఆపాలి?

హనుమకొండ ఉపాధ్యాయిని:

చెల్లెమ్మా, మీరు రాసినది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను నా కుటుంబంలో జబ్బు ఏమిటో తెలుసుకోవాలని మాత్రమే అడిగాను. కారణం రాయకుండా వదిలేసిన గడి ఎవరి భారాన్ని ఎవరి మీదకు నెట్టేస్తుందో మీరు చూపించారు.

డాక్టరు గారికి ఒక మాట. మా నాన్నకు ఎకో చేయలేదని నేను మిమ్మల్ని నిందించను, ఎవరినీ నిందించను. కానీ కారణం తెలియని మరణాలన్నీ 'అరెస్ట్' అనే ఒక్క మాట కింద చేరిపోతే, మీకు ఏ పరికరం కావాలో, ఏ మందు కావాలో ప్రభుత్వాన్ని అడగడానికి మీ దగ్గరే ఆధారం ఉండదు కదా. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఆ నాలుగో వంతుకు తక్కువైన కాగితాల్లోనూ మా నాన్న కాగితం లాంటివి ఎన్ని ఉన్నాయో.

స్టాఫ్ నర్సు, మహబూబాబాద్:

పెద్దలందరూ శరీరం గురించి, లెక్కల గురించి రాశారు. ఒప్పుకోలు అడిగే నిమిషం గురించి నేను రాస్తాను, ఎందుకంటే ఆ నిమిషంలో మంచం పక్కన ఉండేది మేమే.

రాత్రి రెండు గంటలకు ఒక తల్లి పోయింది. కొడుకు ఫోనులో ఊళ్లోవాళ్లకు చెబుతున్నాడు, కోడలు కాళ్ల దగ్గర కూలబడింది, బిల్లు కౌంటర్ నుంచి మనిషి వచ్చి నిలబడ్డాడు, అంబులెన్సు డ్రైవరు కిరాయి మాట్లాడుతున్నాడు. ఆ సమయంలో డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు "మీ అమ్మకు శవపరీక్ష చేయిస్తారా?" అని అడిగితే ఎవరు మాత్రం సరే అంటారు? అది కుటుంబం మూఢత్వం కాదు, అడిగిన సమయం తప్పు. నేను పనిచేసిన ఒకచోట నేత్రదానం అడిగేవాళ్లం. మొదట్లో అందరూ వద్దనేవారు. తర్వాత ఒక సీనియర్ సిస్టర్ వచ్చి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, నీళ్లు ఇచ్చి, కళ్లు తీసినా ముఖం మారదని ఓపికగా చెప్పడం మొదలుపెట్టాక కొందరు ఒప్పుకున్నారు. అదే మంచం, అదే రాత్రి, అడిగిన మనిషి మారింది.

ఇంకో సంగతి. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం ఆసుపత్రిలో మరణిస్తే కారణం రాసిన పత్రం ఒక ప్రతిని దగ్గరి బంధువుకు ఉచితంగా ఇవ్వాలి. చాలామందికి ఆ హక్కు ఉందనే తెలియదు. శవపరీక్ష వరకు పోకముందు ఆ కాగితాన్ని అడిగి తీసుకోండి, కేసు షీటు నకలు కూడా తీసుకోండి. వైద్యుడు ఏమనుకున్నాడో అందులో కొంతైనా ఉంటుంది.

పరకాల పెద్దమనిషి:

జగిత్యాల బిడ్డ రాసింది రెండుసార్లు చదివించుకుని విన్నాను. నా మాట వెనక్కి తీసుకోవడం లేదు, కానీ నా అక్క కొడుకుకు జరిగిందీ, ఆమె భర్తకు జరగనిదీ రెండూ అన్యాయమేనని ఒప్పుకుంటున్నాను.

పాథాలజీ సారును కొన్ని అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. కోయకుండా చూసే దారి ఏదైనా ఉందా? కోస్తే ఎంతసేపు పడుతుంది? తీసిన ముక్కలను తిరిగి శరీరంలో పెడతారా, పారేస్తారా? ఖర్చు ఎవరిది? పొద్దుగూకకముందు ఇస్తారని ఎవరు మాట ఇస్తారు?

పాథాలజీ అధ్యాపకుడు, వరంగల్:

తప్పుగా ఎందుకు అనుకుంటాను పెద్దాయనా, ఇవి మేమే ముందుగా చెప్పవలసిన సంగతులు.

కోయకుండా ఒక దారి ఉంది. కాన్సరు గడ్డ నుంచి బయాప్సీకి ముక్క తీసే లాంటి పొడవాటి సూదిని ఊపిరితిత్తి, కాలేయం, గుండె వంటి చోట్లకు పంపి, దారపు పోగంత కండను తీస్తారు. పైన సూది గుచ్చిన చుక్కలు తప్ప ఏమీ కనబడవు. ఆఫ్రికాలోని కొన్ని దేశాల్లోను, బంగ్లాదేశ్‌లోను చిన్నపిల్లల మరణ కారణాలు తెలుసుకోవడానికి దీన్ని పెద్ద ఎత్తున వాడుతున్నారు. మన పొరుగున కర్ణాటకలోని దావణగెరెలో, కడుపులోనే పోయిన శిశువుల విషయంలో, నెలలు నిండక పుట్టి పోయిన పిల్లల విషయంలో తల్లిదండ్రుల ఒప్పుకోలుతో చేశారు. ఇన్‌ఫెక్షన్లను ఇది బాగా పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల్లో అడ్డుపడిన రక్తం గడ్డను, గుండె నాళం మూసుకుపోవడాన్ని మాత్రం తరచూ పట్టుకోలేకపోతుంది.

పూర్తి పరీక్షకు సాధారణంగా రెండు మూడు గంటలు. ఛాతీ నుంచి పొత్తికడుపు వరకు ఒక గాటు, తల చూడాలంటే ఒక చెవి నుంచి మరో చెవికి జుట్టు లోపలి నుంచి ఇంకొకటి. ముఖం మీద, చేతుల మీద ఏదీ ఉండదు. అవయవాలను తిరిగి లోపల పెట్టి కుట్టాలి. సన్నని దారంతో దగ్గర దగ్గరగా కుట్టడం చేతకాని పని కాదు, దానికి మనిషిని నేర్పి పెట్టాలి, అంతే. పరీక్షకు ఉంచుకునేది అగ్గిపెట్టె కంటే చిన్న ముక్కలే. వాటిని ఎన్నాళ్లు ఉంచాలో, తర్వాత ఏం చేయాలో ఒప్పుకోలు కాగితంలోనే రాయాలి. ఖర్చు కుటుంబం మీద పడితే ఈ ఏర్పాటు మొదటి నెలలోనే చచ్చిపోతుంది, అది ఆసుపత్రి ఖాతాలోనే ఉండాలి.

మీ మేనల్లుడి విషయంలో ఇంకొక చిన్న సంగతి ఉంది. విషం వెతకడానికి అవయవాలను ఉప్పు ద్రావణంలో వేస్తారు. జబ్బు వెతకాలంటే ఫార్మలిన్‌లో వేయాలి. ఒకదానిలో వేసినవాటితో రెండో పని జరగదు. చిన్న వయసులో ఆకస్మికంగా పోయినవారి విషయంలో విసెరా ఒక్కటే పంపి, గుండె ముక్కను ఫార్మలిన్‌లో ఉంచకపోతే, ఏడాది తర్వాత 'విషం లేదు' అని వచ్చిన కాగితంతో కుటుంబం మళ్లీ మొదటికే వస్తుంది. ఈ ఒక్క జాడీ అదనంగా పెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు.

అన్ని శవపరీక్షలూ జవాబు ఇస్తాయని నేను చెప్పను. గుండెపోటు వచ్చిన కొన్ని గంటల్లోనే మనిషి పోతే కండరంలో మార్పు కంటికి కనబడదు. గుండె లయ తప్పి పోతే సూక్ష్మదర్శినిలో కూడా ఏమీ కనబడకపోవచ్చు. నూటికి రెండు నుంచి ఐదు కేసుల్లో అన్నీ చూసినా కారణం దొరకదని మా పాఠ్యపుస్తకాలే ఒప్పుకుంటాయి.

జగిత్యాల అమ్మా, మీ మరిదిని ఆపడం నా చేతిలో లేదు. వెళ్లేట్టయితే ఇక్కడే ఒక ఈసీజీ, కిడ్నీ పరీక్ష చేయించి ఆ కాగితాలు మీ దగ్గర పెట్టుకోండి. పెట్టెలో వచ్చే శరీరానికి అప్పటికే మందు పట్టించి ఉంటుంది కాబట్టి ఇక్కడ రెండోసారి పరీక్ష చేసినా విషాలు, రసాయన మార్పులు సరిగా తెలియవు. ఎండదెబ్బ సంగతి అయితే, పోయిన కొద్దిసేపట్లోనే శరీరం వేడిని ఎవరైనా కొలిచి రాయకపోతే తర్వాత చెప్పడం చాలా కష్టం. అందుకే అడిగేది ఏదైనా అక్కడే, శరీరం బయలుదేరకముందే, ఎంబసీకి రాతపూర్వకంగా అడగాలి.

జనరల్ మెడిసిన్ వైద్యుడు, కరీంనగర్:

సూదితో చేసే పద్ధతికి నాకు అభ్యంతరం లేదు. పూర్తి పరీక్షకు నా అభ్యంతరం అలాగే ఉంది, ఒక్క షరతు తీరితే తప్ప: నివేదికను వైద్యులు కూర్చుని చర్చించే సమావేశం ఒకటి ఉండాలి, అక్కడ చెప్పుకున్న మాటలకు చట్టపరమైన రక్షణ ఉండాలి. కుటుంబానికి నివేదిక పూర్తిగా ఇవ్వాలి, అది దాచమని నేను అడగడం లేదు. తప్పు జరిగిందని నా అంతట నేనే ఒప్పుకున్నప్పుడు ఆ ఒప్పుకోలే నా మీద కేసుకు మొదటి కాగితం కాకూడదు. 2021లో వరంగల్ పాత సెంట్రల్ జైలు స్థలంలో పెద్ద ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు, జిల్లా జిల్లాకూ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటిలో పాథాలజీవారికి వేరే పరీక్ష గది, చల్లని పెట్టెలు ఉంటాయో లేదో ముందు చూద్దాం.

ఇంకొక మాట టీచర్ గారికి. తమ్ముడికి ఎకో ఒక్కటే చాలదు. మీ నాన్నగారి అన్నదమ్ముల్లో, వారి పిల్లల్లో చిన్న వయసులో పోయినవారు ఉన్నారేమో రాసుకుని గుండె వైద్యుడికి చూపించండి. శవపరీక్ష లేనిచోట అదే మీకు మిగిలిన ఆధారం.

హనుమకొండ ఉపాధ్యాయిని:

రాశాను డాక్టరు గారూ. మా చిన్నాయనే కూర్చుని చెప్పాడు. తాతగారి తమ్ముడు 41 ఏళ్లకు దున్నుతూ పడిపోయాడట, అది మాకెవరికీ ఇంతవరకు తెలియదు. తమ్ముడిని సోమవారం మళ్లీ తీసుకువెళుతున్నాను.

పరకాల పెద్దమనిషి:

నా ఇంటావిడ నాలుగేళ్లుగా డయాలసిస్ మీద ఉంది. ఈ చర్చ మొదలైనప్పటి నుంచి ఆమెకు చదివి వినిపించలేదు, అశుభమనిపించింది. నిన్న సిస్టరమ్మ రాసింది చదివాక, రాత్రి రెండు గంటలకు ఎవరో అడిగేకంటే పగలు నేనే అడగడం నయమనుకుని ఈ పొద్దున అడిగాను. ఆమె కాసేపు ఊరుకుని, "నా బిడ్డలకు కిడ్నీల జబ్బు వస్తదా రాదా తెలుస్తదా?" అని అడిగింది. తెలియవచ్చని చెప్పాను. "అయితే సూదితో చూడుమను. కోయొద్దు. పసుపు పూసేటప్పుడు అక్కాచెల్లెండ్లు చూస్తరు" అన్నది.

సారూ, ఆమె చెప్పినది చెప్పినట్టు ఒక కాగితం మీద రాసి వేలిముద్ర వేయించాను. పెద్ద కొడుకు, నేను సాక్షి సంతకాలు చేశాము. దాన్ని ఎవరికి ఇవ్వాలో చెప్పండి.

పాథాలజీ అధ్యాపకుడు, వరంగల్:

ఒక నకలు ఆమె డయాలసిస్ ఫైలులో పెట్టించండి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి. ఈ వారంలో ఒక రోజు పదకొండు గంటలకు ఆమెనూ, మీ పిల్లలనూ తీసుకుని మా విభాగానికి రండి. పిల్లల మూత్ర పరీక్ష, క్రియాటినిన్, స్కానింగ్ ఇప్పుడే చేయించవచ్చు, దానికి ఆమె పోయేదాకా ఆగనక్కర్లేదు.

పరకాల పెద్దమనిషి:

గురువారం వస్తాము.